మర నుంచి యంత్రం దాకా: మన ఉమ్మడి జిల్లాలలో కాఫీ కథ

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని కార్యదర్శిగారు కోరారు. కోటల గురించి, గుళ్ళ గురించి, గద్వాల, వనపర్తి సంస్థానాల గురించి నాకంటే బాగా రాయగలవారు మనలో ఉన్నారు. అందుచేత నేను వంటింటి చరిత్రను ఎంచుకున్నాను. దానికి ఒక కారణం కూడా ఉన్నది. ఈ మధ్య సంఘ కార్యాలయానికి వచ్చిన మిత్రులలో ముగ్గురు నలుగురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "గింజలు పోస్తే తానే పొడి పట్టి కాఫీ తీసే యంత్రం కొనిస్తామని పిల్లలు అంటున్నారు. తీసుకోవచ్చునా? తీసుకుంటే ఎటువంటిది తీసుకోవాలె?"

పదుల వేల రూపాయలతో కూడిన విషయం. కొన్ని యంత్రాల ధర లక్ష దాటుతుంది. పెన్షను డబ్బయినా, పిల్లల డబ్బయినా కష్టార్జితమే. కాబట్టి ఔను, కాదు అని ఒక్క మాటలో చెప్పటం నాకు సబబు అనిపించలేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో కాఫీ ఎట్లా వచ్చింది, ఏ ఇబ్బందుల మధ్య నిలిచింది అనేది తెలుసుకుంటే, ఆ ప్రశ్నకు జవాబు దానంతట అదే దొరుకుతుందని నా అభిప్రాయం.

చాయ్ గడ్డ మీద కాఫీ

మనది చాయ్ దేశం. హైదరాబాదు సంస్థానంలో బొంబాయి మీదుగా వచ్చిన ఇరానీలు పెట్టిన హోటళ్ళు, వాటిని చూసి జిల్లా కేంద్రాలలో, తాలూకా కేంద్రాలలో వెలసిన చాయ్ దుకాణాలు, దఫ్తరులో పది గంటలకొకసారి, నాలుగు గంటలకొకసారి వచ్చే కప్పు, సాసరు, ఇవి మన తరం వారందరికీ తెలిసినవే. పైగా 1930లలో టీ ప్రచారానికి ఏర్పడిన బోర్డు దేశమంతటా ఊరూరా టీ కాచి, జనానికి రుచి చూపించి అలవాటు చేసింది.

కాఫీ చరిత్ర వేరే దారిన నడిచింది. 17వ శతాబ్దంలో బాబా బుడాన్ అనే సూఫీ సాధువు మక్కా యాత్ర నుంచి తిరిగివస్తూ యెమెన్ దేశపు మోఖా రేవు నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటాడని ఐతిహ్యం. ఆ కొండలకు ఈనాటికీ ఆయన పేరే ఉన్నది. ఇంగ్లీషువారి కాలంలో మైసూరు, కొడగు, నీలగిరి ప్రాంతాలలో పెద్ద తోటలు వేశారు. అక్కడినుంచి కాఫీ మద్రాసు రాష్ట్రపు మధ్యతరగతి ఇళ్ళలోకి ప్రవేశించింది. కాఫీ అక్కడ కొత్త మధ్యతరగతి మర్యాదకు ఎట్లా గుర్తుగా మారిందో తమిళ చరిత్రకారుడు ఎ.ఆర్. వెంకటాచలపతి వివరంగా రాశారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి గనుక అక్కడ కాఫీ అలవాటయింది. మనం నిజాం ఏలుబడిలో ఉన్నాము గనుక మనకు చాయ్ అలవాటయింది. ఇందులో ఒకరి గొప్ప, ఒకరి తక్కువ ఏమీ లేదు. సరిహద్దు గీత ఎటుపక్క పడితే అటు రుచి నిలిచింది, అంతే.

మూడు దారులు

మన జిల్లాలకు కాఫీ ముఖ్యంగా మూడు దారుల్లో వచ్చిందని నేను చూసినదాన్ని బట్టి, పెద్దల వద్ద విన్నదాన్ని బట్టి చెప్పగలను.

మొదటిది రైలు దారి. కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలు వైపు పోయే మీటరుగేజి బండి ఎక్కితే, అటుపక్కది కాఫీ దేశమే. రెండవది ఉడిపి హోటలు. రాయచూరు 1956 దాకా మనతోపాటు హైదరాబాదు రాష్ట్రంలోనే ఉన్నది. మక్తల్, నారాయణపేట వైపు వారికి కన్నడ దేశంతో రాకపోకలు ఎప్పుడూ ఉన్నవే. ఇడ్లీ, దోసెతో పాటు ఇత్తడి గ్లాసులో కాఫీ ఇచ్చే హోటళ్ళు ఆ విధంగా వచ్చాయి.

మూడవది, అన్నిటికన్నా పెద్దది, ప్రాజెక్టుల దారి. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. మరుసటి సంవత్సరం నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. హిల్ కాలనీలో, పైలాన్ కాలనీలో ఇంజనీర్లు, ఓవర్సీర్లు, గుమాస్తాలు, స్టోరు కీపర్లు వేల సంఖ్యలో కాపురం పెట్టారు. వారిలో గుంటూరు, కృష్ణా, మద్రాసు వైపు నుంచి వచ్చినవారు చాలామంది. వారి సామానులో ఇత్తడి ఫిల్టరు తప్పకుండా ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు పని మొదలైన తరువాత మహబూబ్‌నగర్ జిల్లా చివర ఈగలపెంటలోనూ ఇదే జరిగింది.

నేను 1968లో జూనియర్ అసిస్టెంటుగా కాలువల విభాగంలో చేరాను. అప్పటికి సాగర్ కాలువలకు నీళ్ళు వదిలి ఏడాది అయింది. ఆఫీసులో అటెండరు వచ్చి, "సార్, మీకు చాయ్ తెమ్మంటరా, కాఫీ తెమ్మంటరా?" అని అడిగేవాడు. చిన్న ప్రశ్నే. కాని 1969 ఉద్యమం రోజులలో ఆ ప్రశ్నకు ఇచ్చే జవాబును బట్టి మనిషి ఏ ప్రాంతం వాడో లెక్క కట్టేవారు. ఉద్యోగాల విషయంలో, సీనియారిటీ విషయంలో నిజమైన బాధలు ఉన్న కాలం అది. ఆ బాధలు కప్పుల దాకా వచ్చాయి. అయితే అదే కాలనీలో సాయంత్రం పూట గోడ మీదుగా ఇంకో మాట వినపడేది. "వదినగారూ, డికాక్షన్ మిగిలితే కొంచెం ఇస్తారా? మా మరిదిగారు వచ్చారు" అని ఒకరు, "అక్కా, మీ చాయ్ మంచిగుంటది, మా ఆయనకు ఒక కప్పు ఇయ్యరాదు" అని ఇంకొకరు. ఆఫీసులో తేలని పంచాయితీ వంటింట్లో తేలిపోయింది. నేడు మన ఇళ్ళలో పొద్దున కాఫీ, సాయంత్రం చాయ్ తాగేవారు ఎందరో ఉన్నారు.

పొడి కోసం పాట్లు

రుచి వచ్చింది గాని సరుకు రావటం కష్టమయింది. రెండవ ప్రపంచ యుద్ధంలో యూరపు మార్కెట్లు మూతపడి కాఫీ తోటలు దెబ్బతిన్నప్పుడు, ప్రభుత్వం 1942లో కాఫీ చట్టం తెచ్చి, పండిన గింజనంతా కాఫీ బోర్డు పూలులో చేర్చి వేలం ద్వారా అమ్మే పద్ధతి పెట్టింది. ఆ పద్ధతిని 1992 నుంచి క్రమంగా సడలించి 1996 నాటికి పూర్తిగా ఎత్తివేశారు. అంటే మన ఉద్యోగ కాలంలో చాలా భాగం గింజ బోర్డు చేతుల మీదుగానే వచ్చింది. మన తాలూకా కేంద్రాలలో కాఫీ పొడి పట్టే దుకాణం అరుదు. హైదరాబాదు, సికిందరాబాదు, విజయవాడ పోయినవారితో కిలో, రెండు కిలోలు తెప్పించుకునేవాళ్ళం. ఆ సంచి బస్సులో ఉంటే బస్సంతా వాసన వచ్చేది. ఇంటికి వచ్చిన వారం రోజులకు డబ్బాలో ఆ వాసన సగం కూడా ఉండేది కాదు.

దీని శాస్త్రం చాలా తేలిక. వేయించిన గింజలో సువాసననిచ్చే తైలాలు, ఆవిరి పదార్థాలు లోపల బంధించబడి ఉంటాయి. గింజగా ఉంటే కొన్ని వారాలు నిలుస్తాయి. పొడి చేయగానే గాలి తగిలే భాగం ఎన్నో రెట్లు పెరిగి, కొద్ది రోజులలోనే వాసన ఎగిరిపోతుంది, తైలం పాతబడి రుచి మారుతుంది. అందుకే తెలిసినవారు పచ్చి గింజలు తెప్పించుకుని, ఇనుప మూకుడులో వేయించి, బల్లకు బిగించిన చేతి మరలో ఏ పూటకు ఆ పూట పట్టుకునేవారు. పీబెర్రీ ఇంత, ప్లాంటేషన్ ఇంత అని పాళ్ళు చెప్పేవారు. కార్లకు పేరుపొందిన ఫ్రాన్సు దేశపు ప్యూజో కుటుంబం కూడా 1840 నుంచి ఇటువంటి కాఫీ మరలు తయారుచేసింది. మర అంత పాత వస్తువు.

ఈ మర మన ఇళ్ళలోనుంచి పోవటానికి రెండు కారణాలు. 1960లలో సుమీత్ వంటి మిక్సీలు వచ్చి, పచ్చడి నూరే జారులోనే గింజ కూడా వేయటం మొదలయింది. అదే దశకంలో వేడి నీళ్ళలో కలిపితే చాలు అనే ఇన్‌స్టంట్ కాఫీ దేశంలోకి వచ్చింది. ఎక్కడో మారుమూల సెక్షన్ ఆఫీసులో ఉన్నవాడికి అది వరమే. ఆ తరువాత మర అటక ఎక్కింది.

మరలోనే యంత్రం, యంత్రంలోనే మర

ప్రపంచంలో మరోవైపు ఏం జరిగిందో కూడా కొంచెం చూద్దాము. 1901లో మిలాన్ నగరంలో లుయీజీ బెజ్జెరా ఆవిరి ఒత్తిడితో కాఫీ తీసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1908లో జర్మనీలో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి కాగితపు ఫిల్టరు కనిపెట్టింది. 1954లో జర్మనీలోనే విగోమాట్ అనే విద్యుత్ డ్రిప్ యంత్రం వచ్చింది. 1972లో అమెరికాలో మిస్టర్ కాఫీ వచ్చి ఇంటింటికీ చేరింది. 1985లో ఇటలీలోని సాయెకో కంపెనీ గింజ పట్టటం, పొడి నొక్కటం, కాఫీ దించటం అన్నీ తానే చేసే గృహ యంత్రాన్ని మార్కెట్లో పెట్టింది. ఇప్పుడు మన పిల్లలు చూపిస్తున్నవి ఈ రెండు వంశాలవే: ఒకటి మర ఉన్న డ్రిప్ యంత్రం, రెండవది మర ఉన్న ఎస్ప్రెసో యంత్రం.

అంటే ఈ యంత్రం సాగర్ కాలనీలో చేతి మర తిప్పిన గృహిణి చేసిన పనినే చేస్తున్నది. పట్టటానికి, తాగటానికి మధ్య ఎడం తగ్గించటమే దాని పరమార్థం. కాని ఆ గృహిణి చూసుకున్న మరి కొన్ని సంగతులు యంత్రం చూసుకోదు. అవి మనమే చూసుకోవాలి.

కొనేముందు చూడవలసినవి

ఒకటి, చికోరి. మన ఫిల్టరు కాఫీలో చిక్కదనం, నలుపు రంగు, కాస్త చేదు చికోరి వల్లనే వస్తాయి. ఇది గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండించే ఒక దుంప, ఎండబెట్టి వేయిస్తారు. మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదని, పాళ్ళు పొట్లం మీద ముద్రించాలని మన ఆహార నిబంధనలు చెబుతున్నాయి. యంత్రం మరలో కాఫీ గింజలు మాత్రమే వేయాలి. చికోరి అందులో వేయరాదు. కొన్ని యంత్రాలలో పొడి వేయటానికి వేరే మూత ఉంటుంది గాని, పొడే వేసేటట్లయితే మరకు డబ్బు పెట్టినందుకు ఫలితమేమిటి? కాబట్టి చికోరి లేని కాఫీ మీకు నచ్చుతుందో లేదో ముందు రెండు వారాలు తాగి చూడండి. నచ్చకపోతే యంత్రం మాట అక్కడితో వదిలేయవచ్చు.

రెండు, పాలు. డ్రిప్ యంత్రం లీటరు నీళ్ళకు సుమారు 60 గ్రాముల పొడి లెక్కన కాఫీ దించుతుంది. అది పాలు లేకుండా తాగేవారికి. మన ఫిల్టరులో అంత పొడికి మూడో వంతు నీళ్ళే పోస్తాము. అందుకే డ్రిప్ కాఫీలో పాలు కలిపితే మనకు కడుగు నీళ్ళలా ఉంటుంది. పాలు పోసుకునేవారికి ఎస్ప్రెసో రకమే దగ్గర. అది వాతావరణ పీడనానికి తొమ్మిది రెట్ల ఒత్తిడితో చిక్కగా దించుతుంది.

మూడు, మర రకం. మిక్సీలో లాగా రేకు తిరిగి నరికేది ఒక రకం. విసుర్రాయిలాగా రెండు పళ్ళ చక్రాల మధ్య నలిపేది రెండవ రకం. నరికేదానిలో సగం దుమ్ము, సగం రవ్వ అవుతుంది. దుమ్ము చేదు దించుతుంది, రవ్వ రుచి దించదు. విసుర్రాయి రకమే తీసుకోవాలి. సన్నం, మధ్యరకం, ముతక అని తిప్పుకునే వీలుండాలి. నల్లగా వేయించి నూనె తేలిన గింజ వేస్తే మర జిడ్డుకట్టి పట్టుకుపోతుంది. మర భాగం విప్పి శుభ్రం చేయటం మీ చేతులకు వీలవుతుందో లేదో దుకాణంలోనే విప్పి చూడండి. కీళ్ళ నొప్పులున్న వయసు మనది.

నాలుగు, కరెంటు. అమెరికా నుంచి పిల్లలు తెచ్చే యంత్రాలు 120 వోల్టులవి. మన 230 వోల్టులకు నేరుగా తగిలిస్తే వేడిచేసే తీగ మీద దాదాపు నాలుగు రెట్ల భారం పడుతుంది. మా మిత్రులొకరి ఇంట్లో అట్లా తగిలించిన యంత్రం మొదటి కాఫీ కూడా ఇవ్వకుండానే మాడిపోయింది. ఇక్కడ కొన్నదైనా 1,450 వాట్ల యంత్రం ఆరు ఆంపియర్లకు పైగా లాగుతుంది. మన పాత ఇళ్ళలోని చిన్న ప్లగ్గు దానికి చాలదు. 16 ఆంపియర్ల ప్లగ్గు, మంచి ఎర్తు ఉండాలి.

అయిదు, నీళ్ళు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

నీళ్ళే అసలు సంగతి

మన జిల్లాల నేల రాతినేల. బోరు నీళ్ళలో సున్నం, లవణాలు ఎక్కువ. వాటికి తోడు నల్లగొండలో ఫ్లోరైడు. మర్రిగూడ, మునుగోడు, చౌటుప్పల్ ప్రాంతాలలో వంగిన నడుములను, వంకరపోయిన కాళ్ళను చూడని ఉద్యోగి మనలో లేడు. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. ప్రపంచమంతా ఆ పేరుతోనే పిలుస్తుంది. 1996 లోక్‌సభ ఎన్నికలలో తాగునీటి బాధను దేశానికి తెలపటానికి నల్లగొండ స్థానంలో 480 మంది పోటీచేశారు. ఓటు పత్రం పుస్తకమంత అయింది. పోలింగు డ్యూటీ చేసిన మన సభ్యులకు ఆ బరువు గుర్తుండే ఉంటుంది. 2016లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా కృష్ణా, గోదావరి నీళ్ళు ఊళ్ళకు చేరుతున్నాయి. ఇది మన కళ్ళముందు జరిగిన పెద్ద మార్పు. అయినా పైపు నీళ్ళు రాని పూట బోరు నీళ్ళు వాడే ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

దీనికీ కాఫీకీ ఏమి సంబంధం అంటారా? ఫ్లోరైడు మరిగిస్తే పోదు. పైగా నీరు ఆవిరై తగ్గినకొద్దీ దాని పాలు పెరుగుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మేలని, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 మించరాదని మన దేశ ప్రమాణం. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడును ఆకులో దాచుకుంటుంది గనుక చాయ్‌లో అది కొంత దిగుతుంది. కాఫీ గింజలో చాలా తక్కువ. అయితే నీళ్ళలోనే ఫ్లోరైడు ఉంటే ఏ గింజ వేసినా తప్పదు. కాబట్టి ముందు నీళ్ళు పరీక్ష చేయించండి, యంత్రం సంగతి తరువాత.

ఇక సున్నం. కఠిన జలం కాగినప్పుడు తెల్లటి పొర కడుతుంది. గిన్నెలో కడితే తోముకుంటాము. యంత్రం లోపలి సన్న గొట్టాలలో కడితే చేయి పోదు. ధార సన్నబడి, చివరకు ఆగిపోతుంది. నిమ్మ ఉప్పు ద్రావణంతోగాని, తయారీదారులు చెప్పిన మందుతోగాని పొర వదిలించుకుంటూ ఉండాలి. పూర్తిగా లవణాలు తీసేసిన నీటిలో కాఫీ చప్పగా దిగుతుంది. అటూ ఇటూ కాని మధ్యరకపు నీళ్ళే మేలు. ఇత్తడి ఫిల్టరుకు ఈ బాధ లేదు. కళాయి పోకుండా చూసుకుంటే చాలు.

నా సలహా

ఇల్లంతా కలిసి రోజుకు ఎనిమిది, పది కప్పులు తాగేవారు, చికోరి లేకుండా ఇష్టపడేవారు, మంచి నీళ్ళు, మంచి కరెంటు ఉన్నవారు, హైదరాబాదు పోకుండా మరమ్మతు దొరికే ఊళ్ళో ఉన్నవారు విసుర్రాయి మర ఉన్న ఎస్ప్రెసో యంత్రం నిశ్చింతగా తీసుకోవచ్చు. వణికే చేతులతో వేడి నీళ్ళు ఒంపలేని పెద్దలకు మీట నొక్కితే కాఫీ రావటం చిన్న మేలు కాదు. దానిని ఆడంబరమని కొట్టివేయటం న్యాయం కాదు.

ఇద్దరే ఉండి, పూటకు రెండు కప్పులు, చికోరి కలిసిన చిక్కటి కాఫీ తాగేవారికి మాత్రం మర వేరు, ఫిల్టరు వేరు ఉండటమే మేలు. చిన్న చేతి మర గాని, విడిగా కరెంటు మర గాని కొనుక్కుని, పట్టిన పొడిలో చికోరి కలుపుకోవచ్చు. ఒకటి చెడితే రెండవది పనిచేస్తుంది. కలిసి ఉన్న యంత్రంలో మర ఆగితే కాఫీయే ఆగుతుంది. మిగిలిన డబ్బుతో మంచి గింజ కొనండి. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది. అదే ఏడు కొడగు, వయనాడు, చిక్కమగళూరు, బాబాబుడాన్‌గిరి కాఫీలకూ లభించింది. మన్యంలో గిరిజనులు పండించిన గింజ ఇప్పుడు తపాలాలో మన గడపకు వస్తున్నది. ఒకప్పుడు కిలో పొడి కోసం బస్సెక్కి పోయిన మనకు ఇది తక్కువ మాట కాదు.

సరిహద్దులు మారాయి, జిల్లాలు చీలాయి, కాలనీలలో సగం ఇళ్ళు ఖాళీ అయ్యాయి. నీళ్ళు చూసి, గింజ చూసి, అప్పటికప్పుడు పట్టుకుని తాగాలన్న ఆనాటి గృహిణుల తెలివి మాత్రం పాతబడలేదు. యంత్రం కొన్నా, కొనకపోయినా ఆ తెలివిని వదలకండి. ఆనాటి చేతి మరలు ఎవరి అటక మీదనైనా ఉంటే తుడిచి ఒకసారి తిప్పి చూడండి, చాలావరకు ఇప్పటికీ తిరుగుతాయి. ప్రాజెక్టు కాలనీల కాఫీ సంగతులు తెలిసిన సభ్యులు సంఘానికి రాసి పంపితే, రాబోయే సంచికలలో ఈ చరిత్ర ఇంకొంత నిండుతుంది. సెలవు.